ప్రశ్నకో శాలువా

ప్రజలకూ ప్రజాప్రతినిధికీ మధ్య దూరం తగ్గించడానికి బొబ్బిలి దగ్గర గెడ్డవలసలో ‘అడగండి, ఆదరిస్తాం’ అనే కార్యక్రమం మొదలైంది. అంతకుముందు జనం గ్రామసభకు వచ్చి, టీ తాగి, సర్పంచి జగన్నాధాన్ని ఏమీ అడక్కుండా వెళ్లిపోయేవారు. ఇది ప్రజాస్వామ్యానికి మంచిది కాదని ఆయనకు పైనుంచి మాట వచ్చింది. దాంతో ప్రశ్న అడిగినవారికి శాలువా కప్పి, ఫొటో తీయించే ఏర్పాటు చేశాడు.

మొదటి శాలువా గెడ్డ అవతలి పేటలో ఉండే జగ్గమ్మకు దక్కింది. ఆ వాగు మీది వంతెన నిరుడు వరదకు కొట్టుకుపోయాక పేట జనం తాటిదుంగ మీద నడుస్తున్నారు. ఆమె కోడలు దేవికి నెలలు దగ్గరపడ్డాయి. దుంగ మీద అంబులెన్సు రాదు, కోడలు నడవలేదు.

“బావూ, మా వంతెన ఎప్పుడు కడతారు?” అని అడిగింది జగ్గమ్మ.

జగన్నాధం కళ్లు చెమర్చాయి. “ఇటువంటి ప్రశ్నలే ప్రజాస్వామ్యానికి ఊపిరి. ఈ తల్లిని చూసి మనమంతా నేర్చుకోవాలి” అని శాలువా కప్పాడు. చప్పట్లు మోగాయి. ఫొటో సరిగా రాలేదని మళ్లీ కప్పాడు. ఇంతలో టీ వచ్చింది.

ఊళ్లో చైతన్యం పెరిగింది. జగ్గమ్మ పొరుగింటి నూకయ్య వీధిదీపం గురించి అడిగి శాలువా తెచ్చుకున్నాడు. తర్వాతి సభలో అదే దీపం గురించి అడిగి ఇంకోటి తెచ్చుకున్నాడు. ఆ దీపం ఎక్కడ వెలిగిపోతుందోనని ఆయనకు బెంగ పట్టుకుంది. ఆయన కూతురు తులసి, కుళాయి చక్కగా వస్తున్నా, రావడం లేదని అడిగి ఒకటి సంపాదించింది. శాలువా లేని ఇంటివాళ్లకు పెళ్లిళ్లలో మర్యాద తగ్గింది.

జగ్గమ్మ మాత్రం రెండోసారి శాలువా వద్దంది, జవాబు కావాలంది. సభ నొచ్చుకుంది.

“కప్పినోడినే నిలదీస్తావేటి అప్పా? మర్యాద కాదు” అని నూకయ్య మందలించాడు.

“సాలువా కప్పుకుంటే నా కోడలు గెడ్డ దాటీగలదేటిరా?” అంది జగ్గమ్మ.

దానికీ చప్పట్లు కొట్టారు.

గెడ్డ నిండుగా పారుతున్న రోజున దేవికి నొప్పులొచ్చాయి. అంబులెన్సు ఊరివైపు గట్టు మీదే ఆగి హారన్ కొట్టింది. జగ్గమ్మ తన శాలువా తీసి, ఇరుగుపొరుగువి అడిగి, వెదురుబొంగుకు డోలీ కట్టించింది. నూకయ్య పాత శాలువా ఇచ్చి, కొత్తది బీరువాలో పెట్టి తాళం వేశాడు. మగవాళ్లు నడుంలోతు నీళ్లలో దేవిని మోసుకెళ్లారు. అదృష్టం బాగుండి, బిడ్డ ఆసుపత్రికి చేరాకే పుట్టింది.

తర్వాతి సభలో జగన్నాధం ఆ డోలీ ఫొటోను అందరికీ చూపించాడు. “మనమిచ్చిన శాలువాలే వంతెనయ్యాయి. ప్రజల భాగస్వామ్యమంటే ఇదీ” అన్నాడు. డోలీ మోసినవాళ్లకు కొత్త శాలువాలు కప్పాడు.

మనవరాలిని భుజాన వేసుకుని జగ్గమ్మ లేచి నిలబడింది. సర్పంచి అలవాటుగా శాలువా అందుకున్నాడు. ఆమె నోరు తెరిచేలోగా నూకయ్య చెయ్యి పట్టుకుని లాగాడు.

“కూకో అప్పా” అన్నాడు మెల్లగా. “వంతెనొచ్చీసిందంటే రేపట్నించి మనల్ని అడగమనీవోడెవుడు?”

పేటంతా నిజమేనంది, చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది, పురిటికి పుట్టింటికి వచ్చివున్న నూకయ్య కూతురు తులసి.