చెయ్యి పట్టని చోటు

నాగరికత అంటే అవసరమైన వస్తువును చెయ్యి అందని చోట పెట్టడం. ఈ సూత్రాన్ని మొదట కనిపెట్టింది ఆఫీసులే అయినా, దాన్నొక శాస్త్రంగా తీర్చిదిద్దిన ఘనత మాత్రం కార్ల కంపెనీలకే దక్కాలి. ఆఫీసులో ఎంత లోపల దాచిన కాగితమైనా ఎవరో ఒక అటెండరుకు అందుతుంది. కార్లో ఆ మాత్రం దయాదాక్షిణ్యాలు కూడా ఉండవు.

ఈ రెండు వ్యవస్థల మధ్య ఒకే ఆదివారం నలిగిన మనిషి కరుణాకర్ గారు. ఆయన పెదమద్దులపాడు జీవన ధ్రువీకరణ కేంద్రంలో సహాయ అధికారి. పింఛను తీసుకునే ముసలివాళ్లు ఏడాదికోసారి అక్కడికొచ్చి, అగ్గిపెట్టెంత యంత్రం మీద వేలు పెట్టి, తాము తామేనని రుజువు చేసుకోవాలి. (కాదని ఎవరూ అనలేదు. అయినా చేసుకోవాలి.) ఆయన కాపురం గుంటూరు శివార్లలో. రోజూ కార్లో వెళ్లి, పొద్దున పదింటికి తన బొటనవేలు చూపిస్తేనే ఆ యంత్రం కళ్లు తెరుస్తుంది. ఆయన వేలు పడనిదే ఆ ఊళ్లో ఇంకెవరి వేలూ పడదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయనకు ఛాతీ కొంచెం పొంగుతుంది. అందులో తప్పేమీ లేదు, ఆ ఉద్యోగంలో పొంగేందుకు ఇంకేమీ లేదు కాబట్టి.

మిరపకాయలు కళ్లాల్లో ఎండే రోజుల్లో ఆ కారు మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున్నే తాళం తిప్పితే గురక పెట్టి ఊరుకునేది. కంపెనీవారి సర్వీసు సెంటరులో కంప్యూటరు తగిలించి చూసి జబ్బు కనిపెట్టారు. ఇంజన్లో నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో చెప్పే సెన్సరు పాడైందట. అది గుంటూరులో, మార్చి నెలలో, మంచు కురుస్తోందని కబురు పంపుతోంది. కారు ఆ మాట నమ్మి, చలి కాగడానికన్నట్టు పెట్రోలు ఎక్కువ తాగేసి, పొలమారి ఆగిపోతోంది. బయట ఎండ మండిపోతోంది కదా అని తొంగి చూసే ఏర్పాటు అందులో లేదు. యంత్రం ఏం చెబితే అదే నిజం. (ఈ పద్ధతి కరుణాకర్ గారికి కొత్తేమీ కాదు.)

ఆ సెన్సరు చిటికెన వేలంత ఉంటుంది. ఉండే చోటు మాత్రం ఇంజన్ వెనకాల, ఇంజనుకూ రేకు గోడకూ మధ్య, పిల్లి కూడా ఆలోచించుకుని దూరే సందులో. సర్వీసు సెంటరులో 'ప్రవేశ సలహాదారు' అనే హోదాలో ఉన్న కుర్రాడు ఎంతో మర్యాదగా వివరించాడు. సెన్సరు తీయాలంటే దానికి అడ్డమున్న గొట్టం తీయాలి, గొట్టం తీయాలంటే ఫిల్టరు డబ్బా తీయాలి, డబ్బా తీయాలంటే బ్యాటరీ తీయాలి. వీటన్నిటికీ ముందు యాప్‌లో తేదీ తీసుకోవాలి. తేదీ మూడు వారాల తర్వాత ఉంది. ఈలోగా బయటివాళ్లెవరితోనూ ముట్టించవద్దని, కారును ఎవరు ముట్టుకున్నా యాప్‌కు తెలిసిపోతుందని, గుర్తింపు పొందిన చేతులు తప్ప వేరే చేతులు పడితే వారంటీ పోతుందని కూడా చెప్పాడు. చేతులకు గుర్తింపు ఎవరిస్తారని కరుణాకర్ గారు అడిగారు. దానికి వేరే సలహాదారు ఉన్నాడట, ఆయన సెలవులో ఉన్నాడట.

చిక్కల్లా ఏమిటంటే, ఆ వచ్చే సోమవారమే ధ్రువీకరణకు ఆఖరు రోజు. బస్సులో వెళ్దామంటే అది పదకొండింటికి గానీ చేరదు. పదింటికి అధికారి వేలు పడకపోతే యంత్రం తనకు తానే సెలవు ప్రకటించుకుంటుంది. అందుకని కరుణాకర్ గారు స్పేర్‌పార్ట్స్ కొట్లో కొత్త సెన్సరు కొని, ఇంట్లోనే పని కానిద్దామని నిశ్చయించారు. ఫోనులో ఒక వీడియో కూడా చూశారు. అందులో మనిషి నవ్వుతూ, మాట్లాడుతూ, పావుగంటలో పని ముగించాడు. ఆ మనిషికి మణికట్టు తర్వాత ఎముకలున్నట్టు కనిపించలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన లుంగీ కట్టి బానెట్ ఎత్తారు. మన వైపు బానెట్ ఎత్తడమంటే పదిమందినీ పిలవడమే. పక్కింటి వెంకయ్య గారు, బస్సు నడిపి రిటైరైన మనిషి, పిలవకుండానే టార్చిలైటుతో హాజరయ్యారు. ఆయన కాలంలో బానెట్ ఎత్తితే ఇద్దరు మెకానిక్కులు లోపల కూర్చుని క్యారేజీ విప్పి భోజనం చేసేవారట. ఇప్పటి కార్లలో మెతుకు కూడా కింద పడదని ఆయన విచారం వెలిబుచ్చారు. టార్చి మాత్రం కరుణాకర్ గారి కళ్లలోకే కొట్టారు.

చెయ్యి మణికట్టు దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. ముందుకు పోలేదు, వెనక్కీ రాలేదు. ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. కిందటి ఏడు ఎలుకలు వైర్లు కొరికాయని, కరుణాకర్ గారి భార్య లిడియా టీచరు బానెట్ కింద మూల మూలనా ఎండుమిరపకాయలు పెట్టింది. (ఈ జిల్లాలో ఏ సమస్యకైనా మొదట మిరపకాయతోనే ప్రయత్నిస్తారు.) ఎలుకలు రాలేదు. మిరపకాయలు ఇంజన్ వేడికి పెళపెళా ఎండి, పొడై, సందు సందుకూ చేరాయి. ఇరుక్కున్న చెయ్యి లాక్కోబోతే బొటనవేలు రేకు అంచుకు గీసుకుంది. ఆ గాటులో మొదట నెత్తురు, తర్వాత కారం చేరాయి.

కరుణాకర్ గారు మృదుస్వభావి. ఆ క్షణంలో ఆయన అన్న మాటలను, చర్చి కమిటీ సభ్యుడి గౌరవార్థం, ఇక్కడ రాయడం లేదు. లిడియా కొబ్బరినూనె తెచ్చి గాజులు తీసినట్టు చెయ్యి బయటికి లాగి, వేలికి కట్టు కట్టింది.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర సంతోషమ్మ నిలబడి ఉంది.

రికార్డుల్లో ఆమె పేరు సంతోషకుమారి. ఊరు పెదమద్దులపాడే, అధికారి ఇల్లు వాకబు చేసుకుంటూ బస్సులో వచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచి మిరపకాయలకు తొడిమలు తీసే పని. తీసి తీసి వేళ్ల మీద గీతలన్నీ అరిగి, గచ్చులా నున్నగా అయిపోయాయి. యంత్రం మీద పెడితే అది చాలాసేపు ఆలోచించి, ఇక్కడ వేలేమీ లేదని ఎర్రదీపం వేస్తుంది. అలా ఇప్పటికే రెండుసార్లు వెనక్కి పంపారు. నియమాల ప్రకారం కరుణాకర్ గారు ఇవ్వవలసిన సలహాలన్నీ ఇచ్చారు. ఆముదం రాయమన్నారు, రాసింది. నిమ్మచెక్క రుద్దమన్నారు, రుద్దింది. గీతలు మళ్లీ మొలిచేదాకా పని మానేసి వేళ్లకు విశ్రాంతి ఇవ్వమన్నారు. మానేస్తే తిండెట్లా అని ఆమె అడిగింది. ఆ విషయంలో నియమావళి మౌనం వహించింది.

ఆదివారం పూట ఆఫీసు సంగతులు మాట్లాడకూడదని కరుణాకర్ గారు కట్టు ఊదుకుంటూ చెప్పారు. ఆమె విన్నది గానీ కదల్లేదు.

"పింఛను ఆగితే నా మంచం వసారాలోకి వచ్చుద్ది సారూ," అంది. "కోడలు ముందే చెప్పింది. దాన్ని అనుకోవటానికేం లేదు, ఉన్నది ఒకటే గది. రేపే ఆఖరంట గదా."

"రేపు రామ్మా. చూద్దాం." కరుణాకర్ గారు కారు వైపు చూశారు. "ఇది కదిలితే."

"ఇది కదలకపోతే మీరు రారా?"

"రాలేను."

"మీరు రాకపోతే మిషను తెరవరా?"

"ఎవరూ తెరవలేరు," అన్నారాయన. ఎప్పుడూ ఛాతీ పొంగే మాట. ఆ రోజు ఎందుకో పొంగలేదు.

సంతోషమ్మ ఇంకేం అడగలేదు. పైట నడుముకు దోపుకుని వచ్చి, చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపించమంది. అందులో కారం ఉందని వెంకయ్య గారు హెచ్చరించారు. ఆమె ఆయన వైపు చూసింది, అంతే. చేపముల్లులా సన్నటి చెయ్యి. మణికట్టు దాటింది, మోచెయ్యి దాకా వెళ్లింది. టార్చి అక్కర్లేదంది, అసలు లోపలికి చూడనే లేదు. వీడియోలో చూసింది చూసినట్టు కరుణాకర్ గారు చెబుతూ ఉంటే, ఆమె గోడ వైపు చూస్తూ వేళ్లతో వెతుక్కుంది. వైరు ఊడదీసింది. తర్వాత ఒక చిన్న క్లిప్పు చేతికి తగిలినట్టుంది.

"తొడిమ లాగా ఉంది సారూ. తుంచమంటారా?"

"తుంచొద్దు, లాగు. మెల్లగా."

లాగింది. పాత సెన్సరు కాసిన్ని నీళ్లతో సహా బయటికి వచ్చింది. కొత్తది లోపలికి వెళ్లి టక్కుమంది. ఇంజన్ నీళ్ల సీసాలో తగ్గినంత నింపి కరుణాకర్ గారు తాళం తిప్పితే కారు ఒక్క తిప్పుకే అందుకుంది. వెంకయ్య గారు, ఇది తన ఆధ్వర్యంలో జరిగిన పనే కాబట్టి, చప్పట్లు కొట్టారు.

లిడియా ఆమె చేతుల మీద నీళ్లు పోసి, సబ్బిచ్చి, లోపలికి తీసుకెళ్లి భోజనం పెట్టింది. బయటికొచ్చి మొగుడితో మెల్లగా అంది: "ఈ చేతికి వేళ్లు లేవని ఏ మిషనండీ చెప్పింది?"

"లేవని కాదు. దానికి కనపడటం లేదు," అన్నారు కరుణాకర్ గారు. అనేశాక ఆయనకే ఆ మాట మీద చిరాకేసింది. రేపు ఎలాగైనా ఈమె పని చేసిపెట్టాలని గట్టిగా అనుకున్నారు. నిజంగానే అనుకున్నారు.

సోమవారం ఆయన పదింటికి ముందే పెదమద్దులపాడు చేరారు. వేలు పెట్టారు. ఎర్రదీపం. కట్టు విప్పి పెట్టారు. మళ్లీ ఎర్రదీపం. గాటు సరిగ్గా ముద్ర మధ్యలో పడింది. అయితే నియమావళి అధికారుల పట్ల కఠినంగా ఉండదు. అధికారి వేలికి గాయమైతే, తాను తానేనని ఆయనే ఒక మాట టైపు చేస్తే చాలు. టైపు చేశారు. యంత్రం నమ్మింది.

సంతోషమ్మ వంతు వచ్చింది. పది వేళ్లూ అయ్యాయి. తుడిచి పెట్టింది, తడిపి పెట్టింది. ఎర్రదీపమే. (కళ్లు చూసి గుర్తుపట్టే పరికరం ఒకటి ఆ కేంద్రానికి మంజూరైంది. అది బయల్దేరిందని కిందటేడు నుంచి సమాచారం ఉంది.) కరుణాకర్ గారు పైకి ఫోను చేశారు. పైన ఉన్నది సంయుక్త ధ్రువీకరణ అధికారిణి జ్యోతిర్మయి గారు. ఈమెను తాను స్వయంగా ఎరుగుదుననీ, నిన్ననే ఈ చేత్తోనే తన కారు బాగుచేసిందనీ ఆయన విన్నవించుకున్నారు. అయితే మంచిదే, ఆ చేత్తోనే బాగుచేసినట్టు ఆమె వేలిముద్ర వేసి రాసిస్తే పరిశీలిస్తామని ఆవిడ సెలవిచ్చారు.

"ఆ ముద్రే పడటం లేదండీ," అన్నారు కరుణాకర్ గారు. "నాకు ఆమె తెలుసండీ."

"మీకు తెలిస్తే సరిపోదు. యంత్రానికి తెలియాలి."

"పొద్దున నా విషయంలో నా మాట సరిపోయింది కదండీ?"

"మీరు అధికారి కదండీ," అని ఆవిడ ఎంతో ఓపిగ్గా చెప్పి ఫోను పెట్టేశారు.

సాయంత్రం దాకా ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, మధ్యమధ్యలో పిలిచి మళ్లీ వేళ్లు పెట్టించారు. గడువు ముగిసే వేళకు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ధ్రువీకరణ కాకపోవడానికి కారణం చెప్పమంది. జవాబులు రెండే ఉన్నాయి: 'మనిషి లేరు', 'వేళ్లు లేవు'. ఏదో ఒకటి నొక్కితే గానీ కేంద్రం మూయడానికి వీల్లేదు. కరుణాకర్ గారికి సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే రెండోది నొక్కారు.

"అయిపోయిందా సారూ?" అని బెంచీ మీద నుంచి అడిగింది సంతోషమ్మ.

"అయిపోయిందమ్మా."

ఆమె లేచి, చెంగు సర్దుకుంది. గుమ్మం దాటబోతూ ఆగింది.

"పొద్దున బండి బాగా వచ్చిందా?"

"బాగా వచ్చింది."

"పోన్లెండి," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

కరుణాకర్ గారు తాళాలు వేసి కార్లో కూర్చునేసరికి ఫోను మోగింది. కంపెనీవారి యాప్. 'ప్రియమైన వినియోగదారునికి నమస్కారం. మీ ఇంజన్ వెనక భాగంలో గుర్తింపు లేని చెయ్యి ఒకటి పనిచేసినట్టు మా యంత్రం నిర్ధారించింది. మీ వారంటీ రద్దు చేయడమైనది.'

సంతోషమ్మకు చెయ్యి ఉందని ఒప్పుకున్న యంత్రం ఆ మండలంలో అదొక్కటే.