కత్తి వెన్ను మీద సుద్దగీత

ఆ ఉదయం కమ్మరికి ఉన్న పని ఒక్కటే. పిడి వేసిన కత్తికి పదును పెట్టి, పది గంటలకు ఆసుపత్రి వంటశాల పెద్దావిడకు చూపించాలి. నచ్చితే నలభై కత్తులూ తీసుకుంటుంది. నచ్చకపోతే కొలిమి మూసి తాళాల దుకాణంలో జీతానికి చేరాలి. మిగతా ముప్పై తొమ్మిదికి ఇంకా పిడులు పడలేదు.

వంటవాళ్లు కత్తి వెన్ను మీద ఎడమ అరచెయ్యి పెట్టి నొక్కి తరుగుతారు. అందుకని వెన్ను మొద్దుగా ఉండాలి. కమ్మరి వెన్ను పొడవునా సుద్దతో గీత గీసి, పదును పెట్టమని కత్తిని బావమరిదికిచ్చి స్నానానికి వెళ్లాడు. బావమరిది దర్జీ కొట్టు మానేసి వచ్చి నాలుగు రోజులైంది.

తిరిగొచ్చేసరికి కత్తికి రెండువైపులా పదునుంది.

"గీత ఉందంటే ముట్టుకోవద్దనిరా."

"మా కొట్లో గీత ఉంటే కొయ్యమని, బావా."

తొమ్మిదిన్నర. కమ్మరి తానే సానచక్రం ముందు కూర్చుని వెన్ను అరగదీశాడు. వెన్ను మొద్దుబారింది గానీ, మొన దగ్గర రేకు పలచబడి, కాగి, నీలం తిరిగింది. నీళ్లలో ముంచి నేలకు తాటించి చూశాడు. బొటనవేలి గోరంత ముక్క విరిగి పడింది.

"గుండ్రం చేసెయ్యండి," అంది భార్య. "తరగడానికి మొనతో పనేముంది?"

చేసేటప్పటికి పెద్దావిడ గుమ్మంలో ఉంది. ఆవిడ కత్తి అందుకుని, పలక మీద ఆనించి, వెన్ను మీద అరచెయ్యి వేసి నొక్కింది. కమ్మరి కళ్లు మూసుకున్నాడు. ఆవిడ చెయ్యి తీసి చూసుకుంది. గాటు లేదు. తర్వాత మొన ఉండాల్సిన చోట వేలితో రాసింది.

"ఈ ఆలోచన ఎవరిది?"

జవాబు కోసం ఆగకుండా ఆవిడే చెప్పుకొచ్చింది. పోయిన నెల బల్ల మీంచి కత్తి జారి, తన కింద పనిచేసే ఆమె పాదంలో దిగిందట. మొన లేకుండా చెయ్యమంటే ఇద్దరు కమ్మర్లు నవ్వారట.

"మీరూ నవ్వుతారేమో, ఎలా అడగాలా అనుకుంటూ వచ్చాను. అడక్కుండానే చేశారు."

"అనుభవమండీ," అన్నాడు కమ్మరి. బావమరిది నోరు తెరిచాడు. అక్క అతని కాలు తొక్కింది.

నలభై కత్తులూ అచ్చం ఇలాగే కావాలని చెప్పి ఆవిడ వెళ్లింది. కమ్మరి సుద్దముక్క తీసి, ముప్పై తొమ్మిది మొనల మీదా గీతలు గీసి, బావమరిది ముందు పెట్టాడు.

ఈసారి దర్జీల లెక్కన.