ఫిర్యాదు లేని బడి

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దదని ఆ అడవే చెప్పుకునే ఒక అడవిలో, జంతువులకి బతకడం రాదని కొత్తగా తెలిసింది. తరతరాలుగా బతుకుతూనే ఉన్నాయి గానీ, అదంతా విద్యాలయంలో చదివి బతకడం కాదు గనక లెక్కలోకి రాదన్నారు.

దాంతో మూడు బతకనేర్పు విద్యాలయాలు వెలిశాయి. కొండ దిగువన ఏనుగుగారిది, వాగు ఒడ్డున ఎలుగుబంటిగారిది, వెదురుపొదల్లో నక్కగారిది. మూడింటిలోనూ ఫీజు ఒకటే. నువ్వు దేన్ని పట్టుకుని బతుకుతున్నావో, అది ఇచ్చేయాలి. దుప్పి కొమ్ములు ఇచ్చుకోవాలి. తాబేలు డిప్ప ఇచ్చుకోవాలి. కుందేలు దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు గనక, ఇక జన్మలో పరుగెత్తనని ఒట్టు వేయాలి.

ఇంత పెట్టి చదివేటప్పుడు ఏ బడి మంచిదో తెలియాలి కదా. ఆ పని కొంగ చూసుకునేది.

కొంగ జపం అని మనవాళ్లు ఎగతాళి చేస్తారు గానీ, ఈ కొంగ ఆ రకం కాదు. లంచంగా చేపపిల్లని ఇచ్చినా ముట్టేది కాదు. వాగు మధ్య రాతి మీద ఒంటికాలిపై నిలబడి, ఏటా వానలకి ముందు బడులకి ర్యాంకులు చెప్పేది. దాని లెక్క ఎన్నడూ తప్పలేదు. దేన్ని లెక్కపెట్టాలన్నది మాత్రం అది ఎన్నడూ ఆలోచించలేదు. నాకు దొంగలంటే అంత భయం లేదు, ఇలాంటి నిజాయితీపరులంటేనే భయం.

చేరినప్పటికంటే విద్యార్థి బరువు ఎంత పెరిగిందో కొంగ చూసేది. పరాయి అడవులవాళ్లు ఎందరు చేరారో, గురువులు ఎంత పరిశోధన చేశారో, చదువు ముగియగానే ఎందర్ని పెద్ద సంస్థలు తీసుకున్నాయో చూసేది. చివరగా, చదివినవాళ్లకి బడి మీద ఫిర్యాదులున్నాయేమో అడిగేది. ఈ వివరాల్లో చాలావరకు బడులే ఇచ్చేవి. ఎవరి గొప్ప వాళ్లకి కాక ఇంకెవరికి తెలుస్తుంది అనేది కొంగ.

నక్కగారి బడికి మొదటి ఏడు మూడో ర్యాంకు వచ్చింది. ఉన్నవే మూడు. ఆచార్య జంబూకంగారు అవమానంతో తిండి మానేసి పడుకున్నారు. తరవాత లేచి, కొంగ దేన్ని ఎలా కొలుస్తుందో ఆరా తీసి, "ఓస్, ఇంతేనా" అన్నారు.

మరుసటి ఏడు బక్కచిక్కిన జంతువుల్నే చేర్చుకున్నారు. ఎముకల గూడు బరువు పెంచడం ఎంత తేలికో పశువుల బేరగాణ్ణి అడిగినా చెబుతాడు. ఉత్తరాది నుంచి వలసపోతూ వెదురుపొద పక్క కుంటలో దిగి నీళ్లు తాగిన బాతుల్ని పరదేశపు విద్యార్థులన్నారు. చిలకల్ని గురువులుగా పెట్టుకున్నారు. మొదటి చిలక అన్నది రెండోది అనేది, రెండోది అన్నది మూడోది అనేది, ఇందరు అన్నారు గనక నిజమేనని మళ్లీ మొదటిది అనేది. పరిశోధన పొంగి పొర్లింది.

ఇక మిగిలింది ఉద్యోగాలు. అడవిలో పెద్ద సంస్థ ఒక్కటే, పులి. నక్కగారు పులిని పూలదండతో బడికి పిలుచుకొచ్చారు. ఏడాదంతా మేపిన విద్యార్థుల్ని వరసగా నిలబెట్టారు. పులి ఒక్క పూటలో తరగతి మొత్తాన్నీ తీసుకుంది. ఆ మీదట ఫిర్యాదులున్నాయా అని కొంగ అడిగితే ఒక్కరూ నోరెత్తలేదు.

వెదురుపొదల బడికి మొదటి ర్యాంకు వచ్చింది.

పులి సంగతి జంతువులకి తెలియదా అని మీరు అడగొచ్చు. ఎందుకు తెలియదు, ఉగ్గుపాలతోనే తెలుసు. కానీ మామూలు జంతువుని పులి పట్టుకుంటే చావు, పట్టభద్రుణ్ణి పట్టుకుంటే ఉద్యోగం. ఆ తేడా తెలియడానికే చదువు కావాలనేవారు.

అడవి అంచున రాళ్లగుట్టలో ఒక ముళ్లపంది ఉండేది. దాని కూతురి పేరు మృదుల. ముళ్లపందికి అదేం పేరని అందరూ నవ్వేవాళ్లు గానీ, పుట్టినప్పుడు ముళ్లు మెత్తగానే ఉంటాయి, పేరు పెట్టింది అప్పుడు. ఆ మృదులకి నక్కగారి బడిలో సీటు వచ్చింది. ఫీజు, ఒంటి మీదున్న ముళ్లన్నీ.

"ముళ్లన్నీ ఇచ్చేశాక పులి వస్తే ఏం చేస్తావే?" అంది తల్లి.

"పులి రావాలనేగా ఇవ్వడం. దాన్ని ప్లేస్‌మెంట్ అంటారమ్మా. నీకు తెలీదులే."

తల్లి చదువుకోలేదు గనక ఎదురు చెప్పలేకపోయింది. ఒక్కటి మాత్రం కోరింది. పోయినేడు ఆ బడిలోనే చేరిన పక్క బొరియ కుందేలు శేషగిరిని కలిసి, ఉద్యోగం ఎలా ఉందో కనుక్కుని, ఆ తరవాతే ముళ్లు ఇమ్మంది. మృదులకీ అది నచ్చింది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి దుంపలు తవ్వుకున్నవాళ్లే.

నక్కగారు తాబేలు డిప్ప మీద కూర్చుని, తలకి దుప్పి కొమ్ములు కట్టుకుని దర్శనమిచ్చారు. శేషగిరి ఎక్కడుంటాడని మృదుల అడిగింది.

"మనవాడు సంస్థలో చాలా లోపలికి వెళ్లిపోయాడమ్మా. ఇప్పుడు బయటివాళ్లని కలిసే తీరిక ఎక్కడిది" అన్నారు ఆచార్యులు, గర్వంగా.

పోనీ మిగతావాళ్లనైనా కలుద్దామని మృదుల అడవంతా తిరిగింది. నిరుడు చదివినవాళ్లు ఒక్కరూ కనపడలేదు. అందరికీ తీరిక లేకపోవడమేమిటని వాగు దగ్గరికి వెళ్లి కొంగని అడిగింది.

"శేషగిరికి ఫిర్యాదు లేదని మీతో చెప్పాడా అండీ?"

"చెప్పలేదు. ఉందనీ చెప్పలేదు. ఉందని చెప్పకపోతే లేనట్టే."

"అసలు వాణ్ణి మీరు చూశారా?"

"చూడటం నా పద్ధతిలో లేదమ్మా. పేరు పెట్టి పిలుస్తాను. ఒక చేప దొరికేదాకా ఆగుతాను."

"ఎవరూ పలకకపోతే?"

"అంత తృప్తిగా ఉన్నారన్నమాట."

మృదుల ఒడ్డున కూలబడింది. శేషగిరి వేసిన ఒట్టు గుర్తొచ్చింది. పులి వచ్చిన రోజున కూడా వాడు పరుగెత్తి ఉండడు. మాట తప్పే రకం కాదు, చిన్నప్పుడు దొరికిన దుంపలో సగం ఎప్పుడూ ఇచ్చేవాడు. అది తలుచుకుని చాలాసేపు ఏడ్చింది. కొంగ ఆ ఏడుపుని ఏ కొలతలో వేయాలో తెలియక ఊరుకుంది.

కళ్లు తుడుచుకుని మృదుల ఒక్కటే అడిగింది. "పులి దగ్గర పని ఎలా చేయాలో నేర్పే ఆచార్యులవారు ఎప్పుడైనా పులి దగ్గర పని చేశారా? దాన్ని కూడా లెక్కపెడతారా?"

కొంగ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రెండో కాలు కిందికి దించింది. "లెక్కపెట్టదగిందే" అంది.

ఆ సాయంత్రమే అడవంతా చాటించారు. ఈ ఏటి నుంచి సంస్థలో అనుభవమున్న గురువులకే సగం మార్కులు. ఏనుగుగారు వయసులో ఉండగా పులిని తరిమారు గనక ఆయనకి కొన్ని వచ్చాయి. ఎలుగుబంటిగారి ఎడమ చెవి పులి దగ్గరే ఉండిపోయింది గనక ఆయనకీ కొన్ని వచ్చాయి. నక్కగారికి సున్నా.

ఫీజు కట్టే రోజున వెదురుపొదల ముందు పెద్ద వరస నిలబడింది. కొమ్ములవాళ్లు, డిప్పలవాళ్లు, ఒట్లు వేసేవాళ్లు. మృదుల వంతు వచ్చింది.

"ఆచార్యులవారు ఒక్కసారి పులి దగ్గర పనిచేసి, తిరిగొచ్చి, అక్కడెలా ఉందో చెప్పమనండి. నా ముళ్లు నేనే పీకి ఇస్తాను" అంది.

వరసలో అందరూ అదీ నిజమే అన్నారు. కొందరు ఏనుగుగారి బడి వైపు చూడటం మొదలెట్టారు.

ఇంకొకరైతే రెండో ర్యాంకుతో సరిపెట్టుకునేవారు. కానీ నక్కగారు ప్రతి వెదురు మీదా 'అడవిలోకెల్లా మొదటిది' అని చెక్కించుకున్నారు. రోజూ అది చదవగా చదవగా ఆయనకే నమ్మకం కుదిరింది. పైగా అంతమందిని పంపినవాణ్ణి, పులి ఆ మాత్రం మర్యాద చేయకపోతుందా అనుకున్నారు. కొమ్ములు సర్దుకుని, చిలకలు జేజేలు పలుకుతుండగా గుహకి బయల్దేరారు.

అక్కడ జరిగింది చిలకలే వచ్చి చెప్పాయి, ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం. పులి నిద్రలేచి, ఈ ఏడు తరగతి ముందే వచ్చేసిందేమిటి, అదీ ఒక్కడేనా అందట. నేను విద్యార్థిని కాను, ఆచార్యుణ్ణి, అనుభవం కోసం వచ్చానని నక్కగారు చెప్పుకున్నారట.

పులి ఆయన్ని కిందికీ పైకీ చూసి, "బరువు బాగా పెరిగారు" అందట.

మర్నాడు కొంగ వాగు మధ్య రాతి మీద నిలబడి, "ఆచార్య జంబూకంగారూ, సంస్థలో అనుభవం ఎలా ఉంది, ఫిర్యాదులేమైనా ఉన్నాయా" అని పిలిచింది. చేప దొరికేదాకా ఆగింది. జవాబు రాలేదు. అనుభవానికి నిండు మార్కులు వేసింది. వెదురుపొదల బడికి మళ్లీ మొదటి ర్యాంకే వచ్చింది, అదీ నిరుటికంటే ఎక్కువ మార్కులతో. బడిని చిలకలు నడుపుతున్నాయి.

మృదుల ఇంకా కదలకుండా ఉన్న వరస దగ్గరికి పరుగెత్తి అందరికీ చెప్పింది. శేషగిరి లేడంది, నిరుటివాళ్లెవరూ లేరంది, ఇప్పుడు ఆచార్యులే లేరంది. వరసలోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆచార్యులవారికే ఉద్యోగం వచ్చిందంటే ఇక మనకేం లోటని ఒక దుప్పి అంటే, మిగతావాళ్లు తలలూపారు.

నిన్న వరసలో మృదుల వెనకే నిలబడ్డ తాబేలు అప్పటికే డిప్ప సగం విప్పుకుంది. "అయితే నువ్వు చేరనట్టేనా అమ్మాయ్? కాస్త పక్కకి జరుగు మరి" అంది.

మృదుల జరిగింది. ఇంటిదారి పట్టింది. మలుపులో పులి ఎదురైంది, మెడలో పూలదండతో బడికే వెళ్తోంది. మృదుల ఒంటి మీది ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి.

పులి ఆగి, "ఏ బడి?" అంది.

"ఏ బడీ కాదు."

"అనుకున్నాను" అని పులి పక్కకి తప్పుకుని, దారి వదిలి, పొదల వెంట వెళ్లిపోయింది.

నీతి లేకుండా కథ వినలేనివాళ్ల కోసం: ఎప్పుడూ మొదటి ర్యాంకు బడిలోనే చేరండి, అక్కడ చేరి చెడిపోయామని తిరిగొచ్చి చెప్పినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు.