వంగని మోకాలు, లేవని పెద్ద

అన్యాయం జరిగింది ఎవరికి? మార్తమ్మకు. ఏ విధంగా? ప్రార్థనలో మోకరించలేదన్న నేరానికి, వరుసగా మూడుసార్లు ఆమెకు ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం అందకుండా చేశారు. చేసినది ఎవరు? సంఘపెద్ద అబ్రహాము.

బేస్తవారిపేటకు రెండు మైళ్ల దూరంలోని ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. పెద్ద మోకరిస్తే సంఘమంతా మోకరించాలి. పెద్ద లేచేవరకు ఎవరూ లేవకూడదు, కళ్లు తెరవకూడదు. మార్తమ్మ, తెల్లదొరసాని డాక్టరు నడిపే మిషను ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు మోకాళ్లమీద కూర్చుని నేల తుడిచిన మనిషి. ఆమె కుడి మోకాలు ఇప్పుడు సగం వంగి ఆగిపోతుంది. ఆ సంగతి ఆమె స్పష్టంగా చెప్పింది. అబ్రహాము నమ్మలేదు.

"మోకాలంటే ఏందక్కా? తలుపు కీలు. దేవుడు చేసిన కీలు వంగకుండా ఎట్లుంటాది? వంగనిది నీ మనసు," అన్నాడు.

అప్పటినుంచి ఆమె గుడి గడపమీద కూర్చుని, తనకు దక్కని రొట్టెను దూరంనుంచి చూస్తూ వచ్చింది.

1934లో ఒక ఆదివారం, మూడు నెలలకొకసారి వచ్చే పాస్టరు నిత్యానందంగారు పొద్దున్నే వచ్చారు. ఆనాటి ఏర్పాటు సులువైనది: పది నిమిషాల ప్రార్థన, తరువాత బల్ల, అటుపిమ్మట అందరికీ పప్పన్నం. మధ్యాహ్నం మూడు గంటలకు ఆయన కంభంలో రైలెక్కాలి; అక్కడికి ఎద్దుబండిలో ఐదు గంటల దారి గనుక పదింటికల్లా బయలుదేరాలి. పొయ్యిమీద పప్పు పెట్టి, వంటవాళ్లు కూడా లోపలికి వచ్చి మోకరించారు.

అబ్రహాము చక్కగా ప్రార్థించాడు. చివర "ఆమేన్" అనబోతూ కుడికాలు చాచబోయాడు. మోకాలిలో ఏదో అడ్డుపడింది. కాలు ఇంకా మడవడానికి ఒప్పుకుంది గాని, చాచడానికి ఒప్పుకోలేదు. సంఘమంతా తలలు వంచి అతని ఆమేన్ కోసం కాచుకుని ఉంది. లేవలేకపోతున్నానని చెప్పడం అతని పెద్దరికానికి తగదు. కనుక ప్రార్థన కొనసాగించాడు.

కనిగిరిలో వానల కోసం ప్రార్థించాడు. వెలిగండ్ల పశువుల కోసం ప్రార్థించాడు. జిల్లా కలెక్టరు కోసం, చక్రవర్తి కోసం, చక్రవర్తి పశువుల కోసం కూడా ప్రార్థించాడు. మధ్యమధ్య లేవబోయి "అయ్యో తండ్రీ!" అని మూలిగాడు. అంత భారమైన ప్రార్థన సంఘం ఎన్నడూ వినలేదు. "స్తోత్రం!" అని అందరూ ఏడుపు గొంతుతో అందుకున్నారు. పాస్టరుగారు సైతం కన్నీళ్లు పెట్టుకున్నారు.

గంటన్నర గడిచింది. మరునాటి జొన్నకోతకు మనుషులను మాట్లాడుకోవడానికి రైతు మాలకొండయ్య అటు వచ్చాడు. బయట పప్పు మాడి పొగలు కక్కుతోంది. లోపల నలభైమంది నేలమీద ఒరిగి ఏడుస్తున్నారు. వాళ్ల మధ్య అబ్రహాము మూలుగు వినిపించింది. మాలకొండయ్య ఇంకేమీ అడగకుండా వెనుదిరిగి పరుగెత్తాడు.

"అబ్రహాముకు ఆఖరి గడియలొచ్చినాయంట!" అన్న మాట ఊరు చేరేసరికి "పోయినాడంట" అయింది. మాలకొండయ్య భార్య వెంకటసుబ్బులమ్మ, పాతికేళ్లు తమ చేలో పనిచేసిన మనిషని, పదిమంది ఆడవాళ్లతో ఏడుస్తూ వచ్చింది.

"అబ్రహామూ! చెప్పకుండానే పోతివా నాయనా!"

కళ్లు మూసుకుని ఉన్న అబ్రహాము తన చావుకు జరుగుతున్న ఏడుపును చెవులారా విన్నాడు. భయపడి మరింత గట్టిగా మూలిగాడు. ఆ గోలలో మాటలు తెలియక, ఊరంతా మారుమనస్సు పొందుతోందని సంఘం మరింత గట్టిగా స్తోత్రం చెప్పింది.

ఆ మందిలో మొదటినుంచీ కళ్లు తెరుచుకుని ఉన్నది గడపమీది మార్తమ్మ ఒక్కతే.

"ఇంక చాలించండి! ఆయన చావలేదు. ప్రార్థన కూడా చేస్తాలేడు. కనిగిరి వాన ఇప్పటికి మూడుసార్లు అడిగినాడు. మోకాలు ఇరుక్కునింది!"

అందరూ కళ్లు తెరిచారు. ఇద్దరు మగవాళ్లు అబ్రహామును ఎత్తి గోడవార ఉన్న కూర్చునే బల్లమీద కూర్చోబెట్టారు. కాలు వంగినది వంగినట్లే వేలాడింది. మార్తమ్మ కుంటుకుంటూ వచ్చి అతని ఎదుట నిలబడింది.

"లాగక్కా, నీకు పుణ్యముంటాది," అన్నాడు అబ్రహాము.

"ముందు విను. తొడ ఎముక కింద రెండు గుండ్రటి తలలుంటాయి. అవి కాలి ఎముక మీద దొర్లతాయి. నడుమ నెలవంకల మాదిరి రెండు మెత్తలు. దొరసాని నర్సులకు నేర్పిస్తాంటే ఇరవై ఏండ్లు విన్నా. మడిచిన మోకాలు పక్కకు రవ్వంత తిరుగుతాది. చాచినాక బిగుసుకోని తిరగదు. నీ తలుపు కీలుకు ఆ తిరుగుడు ఉందా?"

"లేదక్కా."

"నీ మెత్త చిరిగి, ఆ ముక్క ఎముకల నడుమ ఇరుక్కునింది. నీ మోకాలు వంగింది, చాచుకోదు. నాది చాచుకుంటాది, వంగదు. ఇద్దరిలో గర్విష్ఠి ఎవరో సంఘం ముందర చెప్పు."

అబ్రహాము పాస్టరుగారి వైపు చూశాడు. ఆయన కిటికీ వైపు చూశారు.

"తప్పు నాదేనక్కా. నీ మనసు మీద నింద వేసినా."

అప్పుడు మార్తమ్మ అతని మడమ పట్టుకుని, కిందికి లాగి, పాదాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ చాచింది. కటుక్కుమంది. కాలు తిన్నగా వచ్చింది. వెంకటసుబ్బులమ్మ కళ్లు తుడుచుకుని, ఇంత దూరం ఏడ్చుకుంటూ వచ్చినందుకు మంచినీళ్లయినా లేవా అని అడిగింది.

రైలు అందదని తేలిపోయినందువల్ల పాస్టరుగారు తీరికగా రొట్టె విరిచి మార్తమ్మకు అందించారు. ఆమె తీసుకుని కదలలేదు.

"ఇది ఈపొద్దుది అయ్యగారూ. పాతవి మూడున్నాయి."

"ఒక్క పూటలో నాలుగుసార్లా? పుస్తకంలో అట్ల లేదమ్మా."

"మోకాలు వంగకపోతే ఇయ్యగూడదని ఏ పేజీలో ఉందయ్యా?"

పాస్టరుగారు రొట్టె పళ్లెం, ద్రాక్షరసం గిన్నె అబ్రహాము చేతికిచ్చారు. అబ్రహాము కుంటుతూ మూడుసార్లు ఆమె దగ్గరికి వెళ్లి, మూడుసార్లు రొట్టె, మూడుసార్లు ద్రాక్షరసం అందించాడు. ఆ విధంగా పాత బాకీ పూర్తిగా తీరింది.

మోకరించి ఇవ్వమని మాత్రం మార్తమ్మ అడగలేదు.