పదును సాలదు

పుస్తకం నచ్చకపోవడం పాఠకుడి జన్మహక్కు అని మనం ఇంతకాలం పొరబడ్డాం. అది హక్కు కాదు, ప్రక్రియ. దానికి వేళలున్నాయి, విభాగాలున్నాయి, పై అధికారులున్నారు. ఈ సంగతి తెలియని అమాయకులు ఇప్పటికీ పుస్తకం మూసి "ప్చ్" అని ఊరుకుంటున్నారు. ఆ "ప్చ్" ఏ విభాగంలోనూ నమోదు కాక గాలిలో కలిసిపోతోంది. జాతికి ఇది ఎంత నష్టమో హైదరాబాదులోని ఒక ప్రచురణ సంస్థ మొట్టమొదట గుర్తించింది.

గుర్తించక తప్పని పరిస్థితి వచ్చింది. ఆ సంస్థ వేస్తున్న 'ఏడు మంటల రాజ్యం' అనే మహాకథ నాలుగు భాగాల పాటు చక్కగా మండింది. యువరాజు ఉగ్రకేతుడు మూడు రాజ్యాలను కాల్చాడు, ఇద్దరు తమ్ముళ్లను పోగొట్టుకున్నాడు, గండభేరుండాన్ని మచ్చిక చేసుకున్నాడు. నాలుగో భాగం చివర శత్రువు కోట ముందు కత్తి ఎత్తాడు. పాఠకులు మూడేళ్లు ఆ ఎత్తిన కత్తి కిందే బతికారు. ఐదో భాగం మొదటి పేజీలో ఉగ్రకేతుడు ఆ కత్తి దించి, పక్కన పెట్టి, నేల మీద కూర్చున్నాడు. కాల్చిన పొలాల్లో మళ్లీ పంట వేస్తే తప్ప సైన్యానికి తిండి లేదు. పంట వేయాలంటే వాన పడాలి. కాబట్టి ఆరువందల పేజీలూ వాన కోసం కూర్చున్నాడు. సైనికులు నాగళ్లు బాగుచేసుకున్నారు. గండభేరుండం రెండు తలలతోనూ నిద్రపోయింది. ఆఖరి పేజీలో ఒక మబ్బు వచ్చింది. వచ్చి, చూసి, వెళ్లిపోయింది.

పాఠకలోకమంతా రెండుగా చీలింది. సంస్థ వెంటనే 'పాఠక స్పందనల క్రమబద్ధీకరణ విభాగం' నెలకొల్పి, ఒక యాప్ విడుదల చేసి, పాఠకులను మండలాలుగా విభజించింది. కర్నూలు, కడప జిల్లాల మండలానికి మైదుకూరును కేంద్రం చేసింది. (అటు కర్నూలుకూ ఇటు కడపకూ సమానంగా అసౌకర్యం కాబట్టి.) సమన్వయకర్తగా మధులత ఎంపికైంది. కడపలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పే మధులత రోజూ మైదుకూరు నుంచి బస్సులో వెళ్లివస్తుంది. ఒకసారెప్పుడో ఆ సంస్థ పేజీలో "తరువాతి భాగం ఎప్పుడండీ?" అని మర్యాదగా అడిగింది. అదే ఆమె అర్హత. జీతం లేదు. నియమావళి మాత్రం వచ్చింది. అందులో మొదటి నియమం: సమన్వయకర్తకు అభిప్రాయం ఉండరాదు, ఉన్నచో వెల్లడించరాదు, వెల్లడైనచో అది ఆమెది కాదని భావించబడును.

చిక్కల్లా ఏమిటంటే, మధులతకు అభిప్రాయం ఉంది. ఐదో భాగం ఆమెకు మిగతా నాలుగింటికన్నా నచ్చింది.

ఈ సంగతి ఆమె తనకు తాను కూడా నెమ్మదిగానే ఒప్పుకుంది. ఆమె పనిచేసే కాలేజీ మార్చిలో పరీక్షలకు నవంబరులోనే పాఠాలు ముగించి, ఆ సంగతిని బస్సుల వెనక రాయించుకునే కాలేజీ. అక్కడ ఆమె వాక్యం పూర్తి చేసేలోపే గంట కొట్టేవారు. మొదటి నాలుగు భాగాలు కూడా ఆమె అలాగే చదివింది, ఎవరు చచ్చారో తెలుసుకోవడానికి, పేజీలను వెనక నుంచి ఎవరో తరుముతున్నట్టు. ఐదో భాగంలో తరిమేవాడు లేడు. బస్సులో పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఉగ్రకేతుడు మట్టిని పిడికిట్లోకి తీసుకుని వదిలేసే చోట, ఆమె మొదటిసారి కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడా మట్టే ఉంది. ఇన్నేళ్లూ అది అక్కడే ఉందన్న విషయం ఆమెను కొంచెం సిగ్గుపరిచింది. ఆ యువరాజు లేచి గుర్రం ఎక్కితే తను కూడా ఎక్కడికో పరిగెత్తాల్సి వస్తుందని ఆమెకు భయం. ఎక్కడికో మాత్రం తెలియదు.

ఆ భయానికి అధికారికంగా ఆధారం కూడా దొరికింది. సంస్థ ఒక ప్రకటన చేసింది. అసంతృప్తులు సగం దాటిన మండలాలు ఎక్కువైతే, ఆరో భాగాన్ని రచయిత మహానంది చేతిలోంచి తీసుకుని 'వేగవర్ధక రచయితల బృందాని'కి అప్పగిస్తారు. మహానంది ఆత్మకూరులో ఉంటాడు. పుస్తకం రాయడానికి మూడేళ్లు తీసుకునే మనిషి గురించి ఇంతకన్నా వివరాలు సంస్థ సేకరించలేదు. మిగతా మండలాల్లో సగం అటు, సగం ఇటు తేలాయి. ఇక మైదుకూరు ఒక్కటే మిగిలింది. అక్కడ కూడా లెక్క సరిసమానంగా ఉండి, ఇంకో ముగ్గురు చెప్పాల్సి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం రామకృష్ణ ఎరువుల అంగడి మిద్దె మీద ఆ ముగ్గురినీ సమావేశపరిచారు. యూరియా వాసన మధ్య సాహిత్యచర్చ మొదలైంది.

"మూడు తూర్లు సదివినా మేడమ్మా," అన్నాడు రామకృష్ణ, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "మూడు తూర్లూ ఏమీ జరగలే."

"మూడుసార్లు ఎందుకు చదివావన్నా?" అంది మధులత. (ఇది ప్రశ్నే గానీ అభిప్రాయం కాదు.)

"ఏమన్నా జరుగుతాదేమోనని."

పళ్ల డాక్టరు యామినికి అంత ఓపిక లేదు. "మూడేండ్ల నుంచి ఆ కోట పగలగొడ్తాడని చూస్తాండా. వీడు మట్టి పిసుక్కుంటా కూర్చుండాడు. నేను నచ్చలేదనే నొక్కుతా అక్కా," అని నొక్కేసింది. అసంతృప్తి ఒకటి పెరిగింది.

రామకృష్ణ తన ఫోను తీసి, "నేను పర్వాలేదని రాస్తా," అన్నాడు.

మధులత ఆ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. మైదుకూరులో "పర్వాలేదు" అన్నదానికి పైన ఇంకో మెప్పు లేదు. పెళ్లిభోజనాలకైనా, కొత్త కోడలికైనా, పైరుకైనా అదే శిఖరం. యాప్ మాత్రం ఆ మాటను అసంతృప్తి కింద వేస్తుంది.

"అన్నా, నచ్చితే బాగుందని నొక్కరాదా?"

"బాగుందంటే దిష్టి తగల్దా మేడమ్మా? ఇరవై ఏండ్ల నుంచి మా ఇంట్లో సంగటి బాగుండాదని నేను ఒక్కసారి అనలే. ఒక్క పూటన్నా చెడిందా?"

"ఆ మాట వదినను అడిగినావా ఎప్పుడన్నా?" అంది యామిని.

"అడిగితే అది సంగటి చేస్తాదా?"

అప్పుడు మధులత జీవితంలో మొదటి అవినీతికి పాల్పడింది. గొంతు తగ్గించి, "అన్నా, ఈ యాప్‌లో 'బాగుంది' అంటే మన పర్వాలేదే. అంతకుమించి ఏం లేదు," అంది. రామకృష్ణ చాలాసేపు అనుమానంగా చూసి, సూది వేయించుకునేవాడిలా మొహం పక్కకు తిప్పుకుని, ఆ బటన్ నొక్కాడు. లెక్క మళ్లీ సమానమైంది.

ఇక రామసుబ్బమ్మ మిగిలింది. ఆమెకు మెట్ట పొలాలున్నాయి, బైపాసులో పెట్రోలు బంకు ఉంది, ఊరిలో ఎవరినైనా ఏకవచనంలో పిలిచే హోదా ఉంది. బంకులో గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఐదు భాగాలూ చదివింది. అందరికన్నా ఆలస్యంగా మిద్దె మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, యాప్ కేసి చూసింది.

"ఇదేందే అమ్మీ, అన్నీ బటన్లే ఉండాయి?"

"ఒకటి నొక్కితే చాలు పెద్దమ్మా."

"బటన్లు నొక్కేదానికి నేనేమన్నా లిఫ్టు ఎక్కుతాండానా? రాసే చోటు యాడుండాది, చూపీ."

చూపించారు. రామసుబ్బమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండే రెండు మాటలు రాసింది: *పదును సాలదు.* పంపించి, మజ్జిగ తాగి, వెళ్లిపోయింది.

మధులత ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. ఆ మాట అర్థం కానివాళ్లు మైదుకూరులో లేరు. విత్తనం వేయాలంటే నేలలో సరిపడా తడి దిగాలి. అదే పదును. నాలుగు చినుకులు పడగానే ఎగబడి విత్తేవాణ్ణి చూసి పెద్దవాళ్లు అనే మాట అది. అంటే, ఉగ్రకేతుడి నేలకు ఇంకా పదును చాలలేదు, కాబట్టి అతను సరిగ్గానే కూర్చున్నాడు. ఆరువందల పేజీలకు ఇంతకన్నా మంచి సమీక్ష రాదు.

మర్నాడు కాలేజీ వరండాలో ఉండగా ఫోను వచ్చింది. మాట్లాడుతున్నది స్పందనల క్రమబద్ధీకరణ ఉపాధికారి హర్షవర్ధన్.

"మేడమ్, మీ మండలం నుంచి చివరగా వచ్చిన స్పందన తీవ్ర అసంతృప్తిగా నమోదైంది. పదును అంటే వాడి, చురుకుదనం అని మా పదసూచి చెబుతోంది. అది చాలదన్నారు. మాండలికంలో అన్నారు కాబట్టి కోపంగా అన్నట్టు భావించాం."

"సార్, పదును అంటే నేలలో తడి. ఆమె అన్నది కథలో ఉన్న నేల గురించి."

"మేము అడిగింది పుస్తకం గురించి కదండీ. ఆమె నేల గురించి ఎందుకు చెప్పారు?"

"పుస్తకమే నేల గురించి కదా సార్."

అవతల తలుపు మూసిన చప్పుడైంది. తరువాత హర్షవర్ధన్ గొంతు తగ్గించాడు. "నాకు తెలుసు మేడమ్. మాది రాయచోటి. మా తాత చెనిక్కాయలు పండించేవాడు. కానీ ఆఫీసు వేళల్లో నాకు తెలియదు."

అయినా అతను మంచివాడు. 'అర్థ పునఃపరిశీలన' అనే సదుపాయం ఉందని అతనే చెప్పాడు. పాఠకురాలే స్వయంగా, రికార్డయ్యే ఫోనులో, తన మాటకు తన అర్థం చెప్పాలి. (మాట ఎవరిదైనా అర్థం సంస్థదే, కానీ వినే హక్కును సంస్థ వదులుకోలేదు.) మధులత రామసుబ్బమ్మను కలిపింది.

"ఎవురప్పా?" అంది రామసుబ్బమ్మ. వెనక పెట్రోలు కోసం ఎవరో హారన్ కొడుతున్నారు.

"నమస్కారమండీ. పదును సాలదు అని రాశారు. దయచేసి వివరించగలరా?"

"పదును కాకుండా ఇత్తితే ఏమయితాదో తెలుసునా నీకు?"

"ఏమవుతుందండీ?"

"ఏమీ కాదు. మొలక రాదు. ఇత్తనమూ పాయ, పదునూ పాయ. ఏమయితాదని అడిగేదానికి గూడా ఏమీ మిగల్దు. నీ మాట ఆ పక్కదాని మాదిరి ఉండాదే, యా ఊరు నీది?"

"రాయచోటండీ."

"రాయచోట్లో యాడ?"

"పాత బస్టాండు కాడ, అవ్వా," అన్నాడు హర్షవర్ధన్. వెంటనే దగ్గి, "చివరి సమాధానం రికార్డు కాలేదు," అని ప్రకటించాడు. ఆ గొంతులో ఒక్క క్షణం కనిపించి మాయమైన పిల్లవాణ్ణి మధులత విన్నది. ఇప్పుడు ఒప్పుకుంటాడు అనుకుంది. "నియమం ప్రకారం ఒక్కటే ప్రశ్నండీ. పుస్తకం మీకు నచ్చిందా, నచ్చలేదా, చెప్పలేరా?"

"నచ్చేదేంది నాయనా? ఏడాదికి మూణ్నెల్లు మేము చేసే పనే కదా అది, ఆకాశం పక్క చూస్తా కూర్చునేది. దాంట్లో నచ్చేదీ నచ్చందీ ఏముంటాది?"

"ధన్యవాదాలండీ. 'చెప్పలేరు' అని నమోదు చేశాం."

"చెప్పలేరు" అన్నవారిని అసంతృప్తుల్లో కలపాలని తొమ్మిదో నియమం. (నచ్చి ఉంటే చెప్పేవారు గదా.) మైదుకూరు మండలం సగం దాటింది. దాంతో ఆరో భాగం మహానంది చేతిలోంచి జారిపోయింది.

వారం తరువాత ఆత్మకూరు నుంచి మధులతకు ఒక ఫోను వచ్చింది. నింపాదిగా, మాటకూ మాటకూ మధ్య చాలా చోటు ఉంచే గొంతు.

"నేను మహానందిని మాట్లాడ్తాండామ్మా. నన్ను పక్కన పెట్టేదానికి ఆధారాలని ఒక కట్ట పంపినారు. అందులో పదును సాలదని ఒకరు రాసినారు. ఎవురమ్మా అది?"

"పేరు చెప్పకూడదు సార్," అంది మధులత. "క్షమించండి సార్, నేను వాళ్లకు సరిగ్గా చెప్పలేకపోయాను."

"సెప్పొద్దులేమ్మా. ఆ మాట నాకు ముందే తట్టింటే, అయిదో భాగం ఒక్క లైనులో అయిపోయిండేది." ఆయన చిన్నగా నవ్వాడు. "మూడేండ్లు ఎతికినా దాని కోసరం."

ఆరో భాగం అనుకున్న తేదీకి ఒకరోజు ముందే వచ్చింది. మొదటి పేజీలో వాన పడింది. రెండో పేజీలో పంట కోతకొచ్చింది. మూడో పేజీలో కోట కూలింది. గండభేరుండం రెండు తలలూ ఒకేసారి లేచి, ఒకదాన్నొకటి పలకరించుకునే తీరిక లేక యుద్ధానికి వెళ్లిపోయాయి. ప్రతి పేజీలోనూ కత్తి ఉంది. సంస్థ ప్రకటనల్లో "పాఠకుల కోరిక మేరకు పదును పెట్టబడినది" అని వేశారు.

మధులత బస్సెక్కి మొదలుపెట్టింది, ఖాజీపేట రాకముందే అయిపోయింది. అక్కడ నుంచి కడప దాకా చేయడానికి ఏమీ లేక కిటికీలోంచి చూసింది. దున్నిపెట్టిన చేనిలో ఒకాయన మట్టి పిడికిట్లోకి తీసుకుని, చూసి, వదిలేశాడు. బస్సు ఆయన కోసం ఆగలేదు.

సాయంత్రం రామకృష్ణ అంగడి ముందు ఆమెను ఆపాడు. మొహం మాడిపోయి ఉంది.

"మేడమ్మా, ఒక్క తూరే సదివినా."

ఆ అంగడి చరిత్రలో ఒక పుస్తకం మీద అంత కఠినమైన తీర్పు ఎవరూ ఇవ్వలేదు. పక్కనే ఉన్న యామిని కూడా, "కోట పగలాల కానీ, ఇట్ల పుచ్చుపన్ను పీకినట్ల పీకేస్తారా అక్కా?" అంది. బంకు నుంచి రామసుబ్బమ్మ కబురు పంపింది: "పదును కాకుండానే ఇత్తినారు."

అందరి తరఫునా ఫిర్యాదు చేద్దామని మధులత యాప్ తెరిచింది. నెమ్మదిగా ఉందని చెప్పడానికి పదకొండు బటన్లు ఉన్నాయి. తొందరగా అయిపోయిందని చెప్పడానికి ఒక్కటీ లేదు. కాబట్టి విడిగా ఒక విన్నపం రాసి పంపింది. హర్షవర్ధన్ ఆఫీసు వేళల్లోనే జవాబిచ్చాడు.

"వేగం మితిమీరిందన్న స్పందనలకు ఒక ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసే విషయం పరిశీలనలో ఉంది. ఇలాంటివి తొందరపడి చేసే పనులు కావు. దయచేసి ఓపికతో కూర్చోగలరు."