సున్న తెచ్చిన తంటా

ఆ ఉదయం వాళ్ళు పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా ఇల్లు సర్దుకోవాలి. పదింటికి శిక్షణాలయం పెద్దయ్యగారు వస్తే మూడు పాస్‌పోర్టులు చూపించి, పంపే కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. సంతకం పడితే వచ్చే నెల విమానం ఎక్కి సువార్త పనికి పరదేశం వెళ్తారు. పడకపోతే వాళ్ళ చోటు వెనకున్న కుటుంబానికి పోతుంది. వీళ్ళు ఇంకో ఏడాది ఈ శిక్షణాలయంలోనే పడి ఉండాలి.

అతను ఎలక్ట్రీషియన్, ఆమె నర్సు. ఉన్న ఉద్యోగాలు వదులుకుని, చంటిపిల్లతో పది నెలల కిందట ఇక్కడికొచ్చారు. అక్కడి భాష నేర్చుకున్నారు, మురికినీళ్ళు వడగట్టడం నేర్చుకున్నారు, ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకోవడం నేర్చుకున్నారు. ఆ చివరి పాఠం ఆమెకి ఎంతవరకు వంటబట్టిందో అతని తల చూస్తే చాలు.

ఎనిమిదింటికి ఆమె ఫైలు తెరిచింది.

"ఏమండీ, ఇందులో జిరాక్సులే ఉన్నాయి. అసలైనవేవీ?"

"ఉంటాయి చూడు. పోయినవారం ఆఫీసులో జిరాక్సు తీయించి తెచ్చి, అలాగే బల్ల మీద పెట్టాను."

"బల్ల మీదా? దానికి అందేట్టా?"

ఇద్దరూ ఒకేసారి పాప వంక చూశారు. రెండున్నరేళ్ళ ఆ పిల్లకి వస్తువులు దాచడం పెద్ద సరదా. మొన్ననే థర్మామీటరు పిండి డబ్బాలో దొరికింది.

"బంగారూ, చిన్న పుస్తకాలు మూడుండాలి, నువ్వేమైనా దాచావా తల్లీ?"

"దాచా," అంది పాప సంబరంగా.

"ఎక్కడ?"

"దాచా."

ఇక వెతుకులాట మొదలైంది. పిండి డబ్బా బోర్లించారు. బట్టలుతికే యంత్రంలో తల దూర్చారు. విమానంవాళ్ళు ఒప్పుకునే ఇరవై మూడు కిలోలకు గ్రాము మించకుండా మూడు వారాల పాటు తూచి తూచి సర్దిన పెట్టెల్ని మూడు నిమిషాల్లో గది నిండా కుమ్మరించారు. పాస్‌పోర్టుల జాడ లేదు. గంట తొమ్మిది కొట్టింది.

"ప్రార్థన గొలుసుకి చెప్పండి," అంది భార్య.

ప్రార్థన గొలుసంటే ఆ శిక్షణాలయంలో ఒక ఏర్పాటు. ఎవరికి ఆపదొచ్చినా మొదటివారికి ఫోన్ చేసి ఒక్క వాక్యంలో చెప్పాలి. వారు రెండోవారికి, రెండోవారు మూడోవారికి. మధ్యలో ఎవరూ ప్రశ్నలు వేయకూడదు, వేస్తే ఆలస్యమవుతుందని నిబంధన. గొలుసులో మొదటి లంకె భాష నేర్పే టీచరమ్మ. ఆవిడకి చెవులు కాస్త మందం. చివరి లంకె సాక్షాత్తూ పెద్దయ్యగారే.

పాస్‌పోర్టులు పోయాయని చెబితే పరువు పోతుందని అతను తెలివిగా ఆ మాట మింగేశాడు. "టీచరమ్మగారూ, మా పాప దాచింది పదింటిలోగా బయటపడాలని ప్రార్థించండి," అని పెట్టేశాడు.

టీచరమ్మ చెవిలో పాప పక్కన ఒక సున్న చేరింది. ఆవిడ కళ్ళొత్తుకుంటూ వంటావిడకి చెప్పింది: "మన ఎలక్ట్రీషియన్ పాపం దాచాడట, అది బయటపడాలట." వంటావిడ ఆఫీసు గుమస్తాకి చెప్పేసరికి పదింటిలోగా అన్నది పదేళ్ళుగా అయింది. గుమస్తా ఆ మాట విని తన సొరుగు ఒకసారి తెరిచి మూసి, తర్వాత పెద్దయ్యగారికి అప్పజెప్పాడు.

సరిగ్గా పదింటికి తలుపు చప్పుడైంది. పెద్దయ్యగారు, వెనక చెమటలు కక్కుతున్న గుమస్తా. పాప అప్పటికే బట్టల కుప్పలో కూరుకుపోయి నిద్రపోతోంది. తెరిచిన పెట్టెలు చూసి పెద్దయ్యగారి మొహం నల్లబడింది.

"పారిపోదామనుకున్నావా నాయనా?"

"ఎక్కడికండీ? మీరు పంపితేనే కదా!"

పెద్దయ్యగారికి ముందు పళ్ళు నాలుగు లేవు. ‘ప’ పక్కన ఎక్కడ సున్న వచ్చినా ఆయన నోట్లోనే ఉండిపోతుంది. టీచరమ్మ చెవిలో పుట్టిన సున్న అలా పెద్దయ్యగారి నోట్లో గిట్టింది.

"నాకంతా తెలిసింది. పాప... పదేళ్ళుగానట కదా?"

"పదేళ్ళేంటండీ! అప్పటికి మాకు పెళ్ళే కాలేదు. రెండున్నరేళ్ళు."

"అంటే పెళ్ళయ్యాకే!"

"మరి అంతే కదండీ."

పెద్దయ్యగారు గుండె పట్టుకున్నారు. "ఆ అమ్మాయికి తెలుసా?"

"భలేవారే. ఎక్కువ కష్టపడింది తనే కదండీ."

"సంఘంలో ఇంకెవరికైనా తెలుసా?"

"అందరికీ తెలుసండీ. ఆదివారం ఆదివారం మీ ఎదురుగానే కూర్చోబెడుతున్నాం."

ఆయన ఖాళీ పెట్టె మీద కూలబడ్డారు. జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "సరే. దేవుడు దయగలవాడు. పాప వదిలి వెళ్తానంటే ఇప్పుడే సంతకం పెడతాను. పాపతో మాత్రం ఆ దేశంలో అడుగు పెట్టనివ్వను."

వంటగదిలోంచి ఆమె పిండి చేతులతో పరుగున వచ్చింది. "అయ్యగారూ! వదిలేసి వెళ్ళాలా?"

"ఇక్కడే, ఇప్పుడే వదిలెయ్యాలమ్మా. ఇద్దరూ మోకరించండి."

ఆమె మొగుడి వంక చూసింది. పది నెలల చదువు, వదులుకున్న ఉద్యోగాలు, గది నిండా ఇరవై మూడు కిలోలు. అతను ఆ కాగితాన్ని మెల్లగా పెద్దయ్యగారి వైపే జరిపాడు.

"అయితే మేం వెళ్ళం అండీ."

"వదలవా?"

"చచ్చినా వదలను."

"దేవుడిచ్చింది అయ్యగారూ, ఎలా వదులుకుంటాం?" అంది ఆమె.

"దేవుడిచ్చాడా!" పెద్దయ్యగారి కేకకి గోడ మీద క్యాలెండరు ఊగింది. బట్టల కుప్పలోంచి పాప లేచి ఏడుపు లంకించుకుంది. తల్లి ఒక్క ఉదుటున ఎత్తుకుని ఆయన ముందు నిలబెట్టింది.

"ఇదిగోండి పాప. దీన్నేగా వదిలెయ్యమన్నారు? దీని మొహం చూసి చెప్పండి!"

ఆయన పాప మొహం చూశారు. పిండి అంటిన తల్లిని చూశారు. పెదాలు రెండూ గట్టిగా మూసి, బలమంతా పెట్టి, చాలా ఏళ్ళ తర్వాత ఆ సున్నని బయటికి నెట్టారు.

"పాప కాదమ్మా... పాప...మ్మ్."

"పాపమా!" అన్నారు మొగుడూ పెళ్ళాం ఒకేసారి. అప్పుడు వెనక నుంచి ఏడుపు వినిపించింది. ఈసారి పాపది కాదు. గుమస్తా నేల మీద కూర్చుని, చొక్కా లోపలి నుంచి మూడు పాస్‌పోర్టులు తీశాడు.

"నాదేనండీ ఆ పాపం! జిరాక్సు మిషను మూత కింద ఉండిపోయాయి. చెబితే తిడతారని వారం నుంచి సొరుగులో దాచాను. ఇవాళ మెల్లగా బల్ల కింద జారవిడుద్దామని తెచ్చాను. ఇంతలో వీళ్ళ పేరు మీదే, దాచింది బయటపడాలని ఫోను! దేవుడు తిన్నగా నా నంబరుకే చేశాడనుకున్నాను."

పెద్దయ్యగారు పెట్టె మీదే కాగితం పెట్టి, ముగ్గురి పేర్లకీ సంతకం చేసి, పాప తల నిమిరి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆఫీసు గోడ మీద ఒక నోటీసు అంటించి ఉంది: ఇకమీదట ప్రార్థన గొలుసులో చిన్నపిల్లలను ‘బిడ్డ’ అని మాత్రమే పేర్కొనవలెను.