ఫాన్‌షా మూతపడిన శనివారం

ఆ శనివారం ఉదయం ఆక్రాయిడ్ ఇంట్లో అనుకున్న పని ఒక్కటే. రొవీనా తన విశ్వవిద్యాలయం దరఖాస్తులో మిగిలిన ఒక్క గడి నింపాలి, తండ్రి క్లైవ్ దాన్ని పన్నెండున్నర తపాలాకి అందించాలి. సోమవారంతో గడువు సరి. బస్సు నడిపే క్లైవ్‌కి ఆ రోజు సెలవు. కూతురికి సాయం చేయాలని తెగ ఉబలాటపడుతున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ గడిలో కాలేజీ పేరు రాయాలి. విశ్వవిద్యాలయం ఒక్కటే అయినా అందులో కాలేజీలు ముప్పై. ఉండడం, తినడం, చీవాట్లు పడడం అన్నీ ఎంచుకున్న కాలేజీలోనే. రొవీనా ఎప్పుడో ఎంచుకుంది. సందర్శకుల రోజున వెళ్ళి, దారి తప్పి, వెనక గేటులోంచి ఒక తోటలోకి దూరింది. అక్కడ గోడ మీది నాచును భూతద్దంతో చూస్తున్న ఓ పెద్దావిడ, నాచు గురించి ఈ పిల్ల చెప్పిందంతా గంటసేపు విన్నది. పదిహేడేళ్ళలో అంతసేపు విన్న మనిషి రొవీనాకు ఇంకొకరు తగల్లేదు. ఇది ఏ కాలేజీ అని అడిగితే ఆవిడ "ఫాన్‌షా" అంది.

తీరా చూస్తే కాలేజీల పుస్తకంలో ఫాన్‌షా లేదు.

"సరిగ్గా చూడవే. కళ్ళజోడు పెట్టుకో," అన్నాడు క్లైవ్.

"మూడుసార్లు చూశాను నాన్నా. ఆ అక్షరంతో ఉన్నది ఒక్కటే, ఫెదర్‌స్టోన్‌హాఫ్ అట."

"ఆ పేరు చూస్తేనే తెలియడంలా, మనలాంటి వాళ్ళని గడప తొక్కనివ్వరు. దాని జోలికి పోకు."

శనివారం కాబట్టి విశ్వవిద్యాలయం ఆఫీసు లేదు. క్లైవ్ నంబర్లు చెప్పే టెలిఫోన్ విచారణకి ఫోన్ చేసి, ఫాన్‌షా అని అక్షరం అక్షరం చెప్పాడు. ఆ పేరుతో ఏ కాలేజీ లేదంది అవతలి అమ్మాయి. చక్కెర అప్పు కోసం వచ్చిన పక్కింటి డొరీన్ ఇదంతా నిలబడి విన్నది.

"మూసేసి ఉంటారు. మన ప్రసూతి ఆసుపత్రిని మూసింది ఇలాగే కదూ, చెప్పాపెట్టకుండా," అంది.

రొవీనా పెన్ను కింద పెట్టేసింది. "అయితే నేనసలు పంపను," అని మెట్లెక్కి గదిలోకి వెళ్ళిపోయింది. పిల్ల ముఖం చూసి క్లైవ్ మళ్ళీ ఫోన్ దగ్గరికి నడిచాడు. పది గంటలకి స్థానిక రేడియోలో శ్రోతలు ఫోన్ చేసే కార్యక్రమం ఉంది. ఫోన్ చేసి, పేదపిల్లల మాట వినే ఒకే ఒక్క కాలేజీని దొడ్డిదారిన మూసేశారని పావుగంట ఏకరువు పెట్టాడు.

పదిన్నరకల్లా ఫాన్‌షాలో చదువుకున్న డాక్టర్లు, మతగురువులు, ఒక విశ్రాంత న్యాయమూర్తి రేడియోకి వరసగా ఫోన్లు చేసి ఏడ్చారు. పదకొండుకి డొరీన్ సంతకాలు సేకరించడం మొదలుపెట్టింది. పదకొండున్నరకి క్లైవ్ ఇంట్లో ఫోన్ మోగింది.

"ఆక్రాయిడ్ గారేనా? నేను ఫాన్‌షా ప్రిన్సిపాల్నండీ. మేం మూతపడ్డామని ఇప్పుడే రేడియోలో విన్నాను. మీ నంబరు వాళ్ళే ఇచ్చారు."

"అయ్యో, మీకూ చెప్పలేదా అమ్మా? పుస్తకంలోంచి మీ పేరే లేపేశారు. మీ చోట్లో ఆ ఫెదర్‌స్టోన్‌హాఫ్ వాళ్ళు తిష్ఠ వేశారు."

"ఆ వాళ్ళం మేమేనండీ. ఇంగ్లీషులో అలా రాసి ఫాన్‌షా అని పలుకుతాం. ఎందుకని మాత్రం అడక్కండి, నాకూ తెలీదు."

తండ్రి కేక విని రొవీనా మెట్లు దిగిన వేగానికి ఇల్లు అదిరింది. గడి నిండింది. చివరి తపాలా సంచీ కట్టేలోపు కవరు అందులో పడింది. అంతకుముందే, పన్నెండింటికి, ప్రిన్సిపాల్ రేడియోలో, కాలేజీ నిక్షేపంగా ఉందని ప్రకటించి, పేరులోని అక్షరాలన్నీ నిదానంగా చదివి వినిపించింది. అదే గడి ఖాళీగా పెట్టుకుని దిక్కులు చూస్తున్న పిల్లలు జిల్లా నిండా ఉన్నారు. వాళ్ళందరూ పెన్నులు తీశారు.

ఫాన్‌షాకి ఆ ఏడు మూడు రెట్లు దరఖాస్తులొచ్చాయి. ఇంటర్వ్యూ అయ్యాక, క్రిస్మస్ ముందు ఉత్తరం వచ్చింది. రొవీనాకు సీటు వచ్చింది, కానీ ఫాన్‌షా కిక్కిరిసిపోయినందువల్ల వేరే కాలేజీలో. క్లైవ్ కుర్చీలో కూలబడ్డాడు. "నా నోటితో నేనే నీ చోటు పోగొట్టానమ్మా," అన్నాడు.

"కింద చదువు నాన్నా," అంది రొవీనా. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది.

ఉత్తరం అడుగున నాచు పెద్దావిడ చేతిరాత ఉంది. "నువ్వు ఏ కాలేజీలో పడుకుంటే నాకేం? నాచు పాఠం అందరికీ చెప్పేది నేనే. మంగళవారాలు. నీళ్ళు దిగని బూట్లు తెచ్చుకో."

క్లైవ్ ఆ సాయంత్రమే కొత్త కాలేజీకి ఫోన్ చేసి, తెరిచే ఉందా అని కనుక్కున్నాడు.